మిద్దె మీది ఎండ, రాయచూరు బొగ్గు: పాఠకుల సందేహాలకు జవాబులు

ఇంధన వనరుల మీద బెంగళూరు పాఠకుల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని, తక్కినవారికి కూడా అందులోనే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. దాని పుస్తకంలో యురేనియాన్ని బొగ్గు, పెట్రోలుతో కలిపి తరిగిపోయే వనరుల పట్టికలో వేశారు. మా వారేమో అణువిద్యుత్తుకు పొగ ఉండదు కాబట్టి దాన్ని ఎండ, గాలి పక్కన చేర్చాలని అంటారు. పొగతో కళ్లు మండించే కట్టెలను మాత్రం అదే పుస్తకం పునరుత్పాదక వనరు అంటోంది. పిల్లకు ఏది నిజమని చెప్పమంటారు?
– ఒక గృహిణి, రామమూర్తినగర్

జవాబు: అమ్మా, మీ ఇంట్లో నడుస్తున్న వాదంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. వాడిన వనరు మళ్లీ పుడుతుందా లేదా అన్నది ఒకటి. దాన్ని వాడితే గాలి, నీరు, నేల చెడతాయా అన్నది మరొకటి. పుస్తకంలోని పట్టిక మొదటి విషయానికి మాత్రమే సంబంధించినది. మనం వాడే వేగానికి దీటుగా ప్రకృతి ఆ వనరును తిరిగి తయారు చేయగలిగితే అది పునరుత్పాదకం, చేయలేకపోతే తరిగిపోయేది. పొగకు ఇందులో ప్రమేయం లేదు.

సింగరేణి గనుల్లో తవ్వుతున్న బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల కిందటి చెట్టూ చేమా మట్టి పొరల కింద నలిగి ఏర్పడింది. బొగ్గు తయారీకి మొదటి మెట్టు లాంటి మార్పు ఈనాటికీ కొన్ని బురద నేలల్లో జరుగుతూనే ఉంది. అయితే కోట్ల ఏళ్లలో కూడిన దాన్ని మనం రెండు మూడు వందల ఏళ్లలో ఖర్చు చేస్తున్నప్పుడు ఆ తయారీని లెక్కలోకి తీసుకోలేము. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సరుగుడు తోట అలా కాదు. నరికిన నాలుగైదేళ్లకు మళ్లీ కోతకు వస్తుంది కాబట్టి కట్టెలు పునరుత్పాదకం. అయితే అడవిని నరికి తిరిగి పెరగనివ్వకపోతే ఆ కట్టెలకూ బొగ్గుకూ పెద్ద తేడా ఉండదు. పుస్తకంలో ఈ మాట కూడా రాసి ఉంటే బాగుండేది.

యురేనియం ఖనిజం. కడప జిల్లా తుమ్మలపల్లెలో భూమిలోంచి తవ్వితీస్తున్నంత ఖనిజం తిరిగి పుట్టదు. అందువల్ల పుస్తకం చెప్పిందే సరి, పరీక్షలోనూ అదే రాయాలి. కానీ మీ వారి మాటను కూడా కొట్టిపారేయకూడదు. కార్వారు దగ్గరి కైగా అణువిద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ ఎక్కడా ఆగకుండా 962 రోజులు నడిచి, 2018 డిసెంబరు 31న ఆగింది. అన్ని రోజులూ అక్కడ బూడిద గుట్ట పెరగలేదు, పొగగొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్ రాలేదు. వేల ఏళ్లు జాగ్రత్త చేయవలసిన వ్యర్థం మాత్రం మిగులుతుంది. కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు గర్భాన్ని నింపే పని 2024 మార్చిలో మొదలుపెట్టారు. ఆ తరహా రియాక్టరు తాను ఖర్చు చేసిన దానికంటే ఎక్కువ ఇంధనాన్ని తయారు చేయగలదు. అది విజయవంతమైతే ఉన్న యురేనియం చాలాకాలం సాగుతుంది; సాగినా అది తరిగేదే.

పత్రికలు చదివేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. 2030 నాటికి 500 గిగావాట్లు అని ప్రభుత్వం చెప్పే లక్ష్యం శిలాజేతర విద్యుత్తుది, అంటే బొగ్గు, చమురు, గ్యాసు కాల్చకుండా తయారయ్యేదానిది; అణువిద్యుత్తు కూడా అందులో ఉంటుంది. దేశపు స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని 2025 జూలైలో ప్రకటించిన మాట నిజమే. కానీ స్థాపిత సామర్థ్యం వేరు, ఏడాది పొడవునా నిజంగా ఉత్పత్తి అయ్యే కరెంటు వేరు. ఉత్పత్తిలో ఈనాటికీ నాలుగింట మూడు వంతులకు దగ్గరగా బొగ్గుదే. ఈ తేడా ఎలా వస్తుందో తరువాతి జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: మాది పావగడ తాలూకా. నాన్నగారూ చిన్నాన్నలూ మా మెట్ట పొలాన్ని సోలార్ పార్కుకు కౌలుకిచ్చారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఊరికి వెళ్లినప్పుడల్లా పెద్దవాళ్లు, “పొద్దు గూకితే ఆ అద్దాలు దేనికీ కొరగావు, రాత్రికి మీ పట్నానికి బొగ్గే దిక్కు” అని నవ్వుతుంటారు. అంత భూమి తీసుకుంటే వచ్చే కరెంటు ఎంత? రాత్రి పూట బెంగళూరుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీ ఊరి పెద్దలు నవ్వుతూ అన్నా, కరెంటు ఇంజనీర్లకు నిద్రలేకుండా చేస్తున్న సంగతినే అన్నారు. ముందు లెక్క చూద్దాం.

పావగడ పార్కు ఐదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో విస్తరించి, 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. ఈ 2,050 అన్నది నడినెత్తిన ఎండ ఉన్నప్పటి గరిష్ఠ స్థాయి. అదే స్థాయిలో ఇరవై నాలుగు గంటలూ నడిస్తే రోజుకు 4.9 కోట్ల యూనిట్లు రావాలి. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది, మబ్బు పడుతుంది, రాత్రి పూర్తిగా సున్నా. అన్నీ కలిపి చూస్తే వచ్చేది సుమారు కోటి యూనిట్లు, అంటే ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ తయారు చేయడానికి 650 నుంచి 700 గ్రాములు కాల్చాలి. ఆ లెక్కన మీ ఐదు ఊళ్ల పొలాలు రోజుకు ఆరున్నర వేల టన్నుల బొగ్గును మిగులుస్తున్నాయి. ఒక గూడ్సు రైలుకు సుమారు నాలుగు వేల టన్నులు పడతాయి కాబట్టి ఇది ఒకటిన్నర రైలుకు పైమాటే. అందులో మూడో వంతు దాకా బూడిదగా మిగిలి, ఎక్కడో ఒక చెరువును పూడ్చవలసినది. కాబట్టి ఆ అద్దాలు కొరగావని అనడానికి వీల్లేదు.

కౌలు గురించి మీరు అడగలేదు కానీ, మీ తాలూకా నుంచే వచ్చిన వేరే ఉత్తరాల్లో ఆ ప్రస్తావన ఉంది కాబట్టి ఒక మాట చెప్పాలి. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల గడువు అన్నది ఒప్పందం. తరచూ కరువు పాలయ్యే మెట్ట నేలకు మొదటి ఏళ్లలో అది మంచి రాబడే, అందులో సందేహం లేదు. అయితే రెండేళ్లకు 5 శాతమంటే ఏడాదికి రెండున్నర శాతం. ధరలు అంతకంటే వేగంగా పెరుగుతున్నాయి. గడువు చివరి ఏళ్లకు కౌలు నలభై వేలకు దగ్గరపడుతుంది. 28 ఏళ్ల తరువాత ఆ డబ్బుకు ఎన్ని బస్తాల బియ్యం వస్తాయన్నది మీరే ఊహించుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది, కౌలు పట్టా ఉన్నవారికి వస్తుంది; అదే పొలాల్లో కూలికి వెళ్లినవారికీ గొర్రెలు మేపుకున్నవారికీ రాదు. వనరు తరగనిది అయినంత మాత్రాన దాని లాభం అందరికీ చేరుతుందన్న భరోసా లేదు. నా దృష్టిలో ఆ పార్కులో పెద్ద లోపం సాంకేతికమైనది కాదు, ఇదే.

ఇక రాత్రి సంగతి. సాయంత్రం ఆరు దాటేసరికి పావగడ సున్నాకు దిగుతుంది. సరిగ్గా ఆ వేళకే బెంగళూరులో దీపాలు, గీజర్లు, ఏసీలు, లిఫ్టులు ఒక్కసారిగా కరెంటు అడుగుతాయి. ఈ గండం గట్టెక్కించడంలో మొదటి పేరు శరావతి జలవిద్యుత్ కేంద్రానిది. పది యంత్రాలతో 1,035 మెగావాట్ల సామర్థ్యం ఉన్న ఆ కేంద్రంలో గేటు తెరిస్తే నిమిషాల్లో కరెంటు వస్తుంది. బొగ్గు కేంద్రాలు అలా కావు. రాయచూరు థర్మల్ కేంద్రంలో చల్లారిపోయిన బాయిలరును మళ్లీ వేడి చేసి తీసుకురావడానికి చాలా గంటలు పడుతుంది. అందువల్ల సాయంత్రం అక్కరకు రావాలంటే మధ్యాహ్నం, పావగడ కరెంటు పుష్కలంగా ఉన్నప్పుడు కూడా, దాన్ని ఆర్పకుండా కనీస స్థాయిలో నడుపుతూ ఉండవలసిందే. ఆ కనీస స్థాయి సామర్థ్యంలో 55 శాతమని నియమం. రాయచూరుకు వచ్చే బొగ్గులో కొంత సింగరేణిదే. కాబట్టి మీరు రాత్రి ఎనిమిదింటికి మారతహళ్లిలో స్విచ్చు వేస్తే, వెలిగే దీపంలో పావగడ పాలు ఉండదు. శరావతి నీటి పాలూ తెలంగాణ బొగ్గు పాలూ ఉండవచ్చు.

మరి శరావతి నీటితోనే రాత్రంతా గడపవచ్చు కదా అని కొందరు రాశారు. ఒకప్పుడు ఈ రాష్ట్రం దాదాపు అలాగే బతికింది. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీటితో తయారైన కరెంటు ముందు కోలారు బంగారు గనులకు వెళ్లింది. బెంగళూరు వీధి దీపాలకు రావడానికి 1905 దాకా ఆగవలసి వచ్చింది. ఆ తరువాత జోగ్, ఆ తరువాత శరావతి. వానలు పడినన్నాళ్లూ బాగానే ఉంది, వాన తప్పిన ఏడు కోతలే. 1985లో రాయచూరులో మొదటి యూనిట్ నడవడం మొదలయ్యాకే నీటి మీది భారం కొంత తగ్గింది. నీరు పునరుత్పాదకమే, కానీ ప్రతి ఏడూ ఒకే కొలతతో తిరిగి రాదు. 2023లో వానలు ముఖం చాటేసినప్పుడు రాష్ట్రం మళ్లీ ఆ ఇబ్బందిని చూసింది. జలాశయాలు నిండలేదు, తడి కోసం రైతులు మోటార్లు ఎక్కువసేపు నడిపారు, కరెంటు అవసరం పెరిగినప్పుడే నీటి కరెంటు తగ్గింది.

చిత్రదుర్గ, గదగ్ ప్రాంతాల గాలిమరలు కొంత ఆదుకుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు కమ్మి ఎండ తగ్గే కాలంలోనే అక్కడ గాలి జోరందుకుంటుంది, రాత్రుళ్లు కూడా వీస్తుంది. ఎండకూ గాలికీ ఉన్న ఈ పొత్తు దక్షిణాది అదృష్టం.

మిగిలిన దారి మధ్యాహ్నపు కరెంటును దాచి సాయంత్రం వాడుకోవడం. ఇది తెలుగువారికి కొత్త కాదు. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి; అవి కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు దిగువ నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు అదే నీటిని కిందికి వదిలి కరెంటు ఇచ్చేలా తయారైనవి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి అడ్డంగా కాకుండా గుట్టల మధ్య రెండు జలాశయాలు కట్టి ఇదే పని చేయిస్తున్నారు. తోడడానికి ఖర్చయిన ప్రతి వంద యూనిట్లకు తిరిగి వచ్చేవి 75 నుంచి 80. శరావతి లోయలోనూ 2,000 మెగావాట్లతో ఇలాంటి పథకం తలపెట్టారు; అది సింహపుతోక కోతుల అభయారణ్యం మీదుగా వెళుతుంది కాబట్టి గట్టి వ్యతిరేకత ఎదురైంది. ఆ వ్యతిరేకతలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. అలాంటి అడవి తిరిగి పెరగడానికి పట్టే కాలం మన కరెంటు ప్రణాళికల్లో పట్టదు. రాతి గుట్టలున్న మెట్ట ప్రాంతాల్లో చోటు వెతకడమే మేలు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. మా మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాను. మొన్న మిట్టమధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. పైన ఎండ నిప్పులు చెరుగుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగలేదు. బిగించినవాళ్లు మోసం చేశారా? పైగా కిందటి వేసవితో పోలిస్తే యూనిట్లు కూడా తగ్గుతున్నాయి.
– ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: మోసం కాదు మాస్టారూ, మీ ఇన్వర్టర్ తన ధర్మం తాను నిర్వర్తించింది. వీధి లైనుకు కలిపి పెట్టే ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది, పోగానే క్షణాల్లో తనంతట తాను ఆగిపోతుంది. కరెంటు లేదన్న నమ్మకంతో లైన్‌మన్ స్తంభమెక్కి తీగ పట్టుకున్నప్పుడు మీ మిద్దె మీది కరెంటు ఆ తీగలోకి ప్రవహిస్తే అతని ప్రాణం పోతుంది. అందుకే ఈ నియమం తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు కూడా ఎండతో ఇల్లు నడవాలంటే బ్యాటరీతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. దాని ఖర్చు ఎక్కువ. మీ ప్రాంతంలో కోతలు తక్కువైతే నాలుగు దీపాలకు, రెండు ఫ్యాన్లకు సరిపోయే మామూలు ఇంటి ఇన్వర్టర్ ఒకటి వేరుగా పెట్టుకోవడమే చవక. బిగించినవారు ఈ సంగతి ముందే చెప్పి ఉండవలసింది, అంతవరకు తప్పు వారిదే.

యూనిట్లు తగ్గడానికి కారణం మీ మిద్దె మీదే ఉండవచ్చు. బెంగళూరులో మూడు కిలోవాట్లకు ఏడాది సగటున రోజుకు 12 యూనిట్లు రావాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అంతకంటే ఎక్కువ, జూలై, ఆగస్టు మబ్బుల్లో బాగా తక్కువ వస్తాయి కాబట్టి కిందటి ఏడాది అదే నెలతోనే పోల్చి చూడండి. అప్పటికీ తేడా ఉంటే పొద్దున్నే పైకెక్కి ప్యానెళ్ల కింది అంచును దగ్గరగా చూడండి. బోరు నీటితో కడిగే ఇళ్లలో అక్కడ, చట్రానికి ఆనుకుని, వేలితో గీకితే రాలని తెల్లటి పొర కనిపిస్తుంది. అది నీటిలోని సున్నం. గాజు మీద బిందువులు ఆరినచోట కూడా చుక్కలు చుక్కలుగా నిలిచిపోతుంది. కడగడానికి వాన నీరు పట్టి ఉంచుకుంటే మంచిది. ఎండలో కాలిపోతున్న గాజు మీద మధ్యాహ్నం చల్లటి నీళ్లు కుమ్మరించవద్దు. తరువాత పొద్దుటి పూటా సాయంత్రమూ నీళ్ల ట్యాంకు నీడ గానీ, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు నీడ గానీ ఎక్కడ పడుతోందో గమనించండి. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా తక్కినవాటి ఉత్పత్తి కుంటుపడవచ్చు.

వయసుతో తగ్గుదల ఏడాదికి అర శాతం పైచిలుకు మాత్రమే. ఇంకో విచిత్రం, మండే ఎండ ప్యానెళ్లకు మంచిది కాదు. గాజు వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఉత్పత్తి ఒక శాతంలో మూడో వంతు చొప్పున తగ్గుతుంది. వెలుతురు ఉండి గాలి చల్లగా ఉండడం ముఖ్యం కాబట్టి ఈ విషయంలో బెంగళూరు కడప కంటే నయం.

మిద్దె మీద ఇంకా పెట్టించుకోని పాఠకులు లాభనష్టాలు అడిగారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకూ ఆపైనా మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అయితే ప్యానెళ్లు దేశంలో తయారైనవి అయి ఉండాలి. మరోవైపు 2023 జూలై నుంచి కర్ణాటకలో గృహజ్యోతి పథకం నెలకు 200 యూనిట్ల పరిమితికి లోబడి ఇళ్లకు ఉచితంగా కరెంటు ఇస్తోంది. బిల్లే రాని ఇంటికి మిద్దె మీద పెట్టుబడి పెట్టవలసిన అవసరం కనిపించదు. ఒక ప్రభుత్వం సోలార్ పెట్టుకోమని డబ్బిస్తుంటే మరో ప్రభుత్వం పెట్టుకోనక్కరలేదన్నట్టు డబ్బిస్తోంది. పేద ఇంటికి ఉచిత కరెంటు ఇవ్వడం తప్పనను. కానీ ఈ రెండు పథకాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. నెలకు 200 దాటి వాడే ఇళ్లకు మాత్రం సోలార్ లెక్క బాగానే కుదురుతుంది.

ప్రశ్న: ఇక ముందు హైడ్రోజన్‌తోనే అన్నీ నడుస్తాయట. నీళ్లున్నంతకాలం అది తరగదు కదా?
– ఒక విద్యార్థి, యలహంక

జవాబు: హైడ్రోజన్ వనరు కాదు నాయనా, శక్తిని మోసుకుపోయే సాధనం. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పెట్టాలి. ఆ కిలోలో తిరిగి దొరికే శక్తి 33 యూనిట్లు. ఆ 50 యూనిట్లు ఎండ నుంచి వచ్చాయా, బొగ్గు నుంచి వచ్చాయా అన్నదాన్ని బట్టే అది మంచిదో చెడ్డదో తేలుతుంది. ఉక్కు, ఎరువుల కర్మాగారాలకు ఉపయోగం ఉంది. వీధిలో తిరిగే బండికి బ్యాటరీ నయం.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. అది నడిచేది బొగ్గుతోనేనని, పొగ నీ వీధిలో కాకుండా రాయచూరులో వస్తోందని ఆఫీసులో మిత్రుడు దెప్పుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: కొంత నిజం. కానీ లెక్క వేస్తే వాదన మీ వైపే మొగ్గుతుంది. వంద కిలోమీటర్లకు మీ స్కూటర్, ఛార్జింగులో పోయేదాన్ని కలుపుకుని, మూడున్నర యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. దేశపు కరెంటు మొత్తాన్ని సగటు తీస్తే యూనిట్‌కు 700 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ పడుతుంది, అంటే మీ వంద కిలోమీటర్లకు సుమారు రెండున్నర కిలోలు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటర్ అదే దూరానికి రెండు లీటర్లకు పైగా తాగి ఐదు కిలోలు వదులుతుంది. సగానికి సగం తేడా. పైగా పెట్రోలు బండి పాతబడేకొద్దీ దాని పొగ ఎక్కువవుతుంది. కరెంటు తయారీలో బొగ్గు వాటా తగ్గేకొద్దీ మీ బండి తరఫు లెక్క తగ్గుతూ వస్తుంది. బ్యాటరీలోని లిథియం, నికెల్ కూడా తరిగే ఖనిజాలే అని మీ మిత్రుడు అనవచ్చు, అదీ నిజమే. అయితే పెట్రోలులా అవి కాలిపోవు, పాత బ్యాటరీలోంచి తిరిగి తీయవచ్చు. పాత బ్యాటరీలను వెనక్కు తీసుకునే బాధ్యతను 2022 నాటి నియమాలు తయారీదారుల మీదే పెట్టాయి. కాబట్టి పాతసామాను కొట్టుకు మాత్రం అమ్మకండి.

మీ చేతిలో ఉన్న అసలు సంగతి ఎప్పుడు ఛార్జ్ చేస్తారన్నది. ఇంటికి రాగానే రాత్రి ఏడింటికి ప్లగ్గు పెడితే శరావతి, రాయచూరు ఉరుకులు పరుగుల మీద ఉన్న వేళకు మీ బండి కూడా తోడవుతుంది. అదే బండిని ఆఫీసు పార్కింగులో మధ్యాహ్నం పదకొండుకూ మూడుకూ మధ్య ఛార్జ్ చేస్తే గ్రిడ్‌లో పావగడ కరెంటు మెండుగా ఉంటుంది. దానికి ఖరీదైన ఛార్జర్ అక్కరలేదు, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న మామూలు సాకెట్ చాలు. మీ ఆఫీసులో అది లేకపోతే, బండ్లున్న నలుగురూ కలిసి భవన నిర్వాహకులకు ఒక అర్జీ పెట్టుకోండి. దాని మీద మీ మిత్రుడి చేత కూడా సంతకం పెట్టించండి.